ఘాట్ ఎక్కే బండికి జాకీ: వానలకు ముందే చూసుకోవాల్సినవి

రోహిణి ఎండలు పోయి మృగశిర చినుకులు మొదలైతే మారేడుమిల్లి, లంబసింగి, అరకు దారుల్లో బండ్లు బారులు తీరుతాయి. బయలుదేరేవాళ్లు బ్రేకులు, వైపర్లు, టైర్లలో గాలి చూసుకుంటారు. జాకీ విషయానికి వస్తే, సీటు వెనక ఉందా లేదా అని తొంగిచూసి తలుపు మూసేస్తారు. కంపెనీ ఇచ్చిన జాకీ అరిగిపోయినా, పోగొట్టుకున్నా, పెద్ద టైర్లు వేయించాక ఎత్తు చాలకపోయినా కొత్తది కొనక తప్పదు. కొనేటప్పుడు దుకాణంలో అందరూ అడిగే మొదటి మాట, "ఎన్ని టన్నులది?"

ఆ టన్నుల సంగతి ముందు తేల్చేద్దాం. ఫార్చ్యూనర్ లాంటి బండి ఖాళీగానే రెండు టన్నులు దాటుతుంది. మనుషులు, సామాను కలిస్తే రెండున్నర దాటుతుంది. కానీ ఒక చక్రం లేపేటప్పుడు జాకీ మోసేది ఒక మూల బరువు మాత్రమే. నిజాయితీగా తయారుచేసిన మూడు టన్నుల జాకీ ఇలాంటి బండికి చాలు. పది టన్నులది కొంటే భద్రత మూడింతలు కాదు. మోయడానికి బరువు, పైగా మూసినా పొడుగ్గా ఉండి పంచరైన బండి కిందికి దూరదు. పేరూ ఊరూ లేని చవక సరుకు మీద ఎన్ని టన్నులని అచ్చువేసినా నేను సగమే నమ్ముతాను.

దారిలో మనల్ని నిలబెట్టేసేది ఎక్కువగా ఎత్తు. ఫార్చ్యూనర్‌కు వచ్చే 265/60 ఆర్ 18 టైరు పక్కగోడ ఎత్తు దాదాపు 16 సెంటీమీటర్లు. గాలి మొత్తం పోతే అందులో చాలా భాగం అణిగి, యాక్సిల్ (చక్రాలను కలిపే ఇరుసు) ఆ మేరకు నేలకు దిగుతుంది. టైరు నిండుగా ఉన్నప్పుడు హాయిగా దూరిన జాకీ అప్పుడు దూరదు. అందుకే కొనకముందే ఇంటి దగ్గర చదునైన చోట ఒక వెనక టైరు గాలి తీసేయండి. పక్కన కంప్రెసర్ ఉండాలి, ఆ టైరు మీద బండిని అంగుళం కూడా కదపకూడదు. జాకీ పెట్టే చోట నేల నుంచి యాక్సిల్ గొట్టం అడుగుదాకా టేపుతో కొలవండి. అందులోంచి జాకీ కింద వేసే చెక్క మందం, మరో రెండు సెంటీమీటర్లు తీసేయండి. మిగిలినదానికంటే మూసిన జాకీ పొట్టిగా ఉండాలి. రెండు మూడు టన్నుల బాటిల్ జాకీలు (సీసాలా నిలబడి, పంపు కొడితే నూనె ఒత్తిడితో లేపేవి) చాలావరకు మూసినప్పుడు 18 నుంచి 20 సెంటీమీటర్లు ఉంటాయి. కొలత దానికి అటూఇటూగా ఉంటే ఇంకా పొట్టిది వెతకాల్సిందే.

పై ఎత్తు లెక్క వేరు. అణిగిన టైరు ఊడదీయడానికి కొద్దిగా లేపితే చాలు. నిండుగా గాలి ఉన్న స్టెప్నీ ఎక్కాలంటే ఇంకా లేపాలి. చక్రం బయటికి వచ్చాక, స్టెప్నీ పట్టక, జాకీ చివరికంటా వచ్చేసి ఉంటే ఏం చేస్తారు? అక్కడే మనవాళ్లు రోడ్డు పక్క ఇటుకలు, రాళ్లు ఏరుకొచ్చి పేరుస్తారు. ఇటుక ముందు చెప్పి పగలదు.

ముందు చక్రాల దగ్గర ఇబ్బంది ఇంకా ఎక్కువ. థార్, ఫార్చ్యూనర్ రెండింటికీ వెనక గట్టి యాక్సిల్ ఉంటుంది, ముందు ఏ చక్రం సస్పెన్షన్ దానిదే. అక్కడ ఛాసిస్ (బండి అడుగు చట్రం) కింద జాకీ పెట్టి లేపితే బండి పైకి వెళ్తుంది గానీ చక్రం వేలాడుతూ నేలనే అంటిపెట్టుకుని ఉంటుంది. స్ప్రింగు పూర్తిగా సాగాకే అది లేస్తుంది. మామూలు బాటిల్ జాకీ పిస్టన్ పది పన్నెండు సెంటీమీటర్లు లేపి, తలమీది మర తిప్పితే మరో ఐదారు ఇస్తుంది. అది చాలకపోవచ్చు. ఒక పిస్టన్‌లోంచి ఇంకొకటి వచ్చే రెండంచెల జాకీలు ఉన్నాయి, ముందు వైపు అవసరానికి అవి మేలు. బండితో వచ్చిన పుస్తకంలో జాకీ పెట్టే చోట్ల బొమ్మ ఉంటుంది. ఆ చోట్లలోనే ముందూ వెనకా ఇలా కొలిచి, ఆ అంకెలు కాగితం మీద రాసుకుని దుకాణానికి వెళ్లండి.

రకాల సంగతి. మర తిప్పితే కత్తెరలా తెరుచుకుని లేచే కత్తెర జాకీకి నూనె లేదు, సీళ్లు లేవు, తిప్పడం ఆపితే మర తనంతట తాను జారదు. నెమ్మది, చెయ్యి నొప్పి, కానీ నమ్మకస్థుడు. దాని బలహీనత సన్నని అడుగు. బాటిల్ జాకీ బరువును అవలీలగా లేపుతుంది. అయితే తల చిన్నగా గుండ్రంగా ఉండి నున్నటి యాక్సిల్ గొట్టం మీద జారుతుంది. గాడి ఉన్న తల దొరికితే అదే తీసుకోండి. అమెరికాలో ఇండియానా రాష్ట్రం బ్లూమ్‌ఫీల్డ్‌లో 1905 నుంచి తయారవుతున్న హైలిఫ్ట్ జాకీని (పొడవాటి ఇనుప కమ్మీ మీద కొక్కెం మెట్టుమెట్టుగా ఎక్కే రకం) చూసి చాలామంది మోజుపడతారు. బురదలో కూరుకుపోయిన బండిని లేపడంలో దానికి సాటి లేదు. కానీ దాని కొక్కెం పట్టడానికి ఇనుప బంపరో గట్టి సైడు పట్టీయో కావాలి. ప్లాస్టిక్ బంపరున్న బండికి అది అలంకారమే. దించేటప్పుడు ఇంకా ప్రమాదం. చెయ్యి జారితే పిడి గిర్రున ఎగిరి దవడకు తగులుతుంది. కాబట్టి దించే మీట మార్చేటప్పుడు పిడి కమ్మీకి ఆనించి నిలువుగా ఉండాలి, మీ తల దాని దారిలో ఉండకూడదు.

కొన్నాక పరీక్ష. దుకాణదారు ఖాళీగా పంపు కొట్టి చూపితే తెలిసేది ఏమీ లేదు. ఇంటికి తెచ్చి బండిని లేపి, బయటికి వచ్చిన పిస్టన్ మీద, సీలు అంచు దగ్గర మార్కరుతో గీత గీసి పావుగంట వదిలేయండి. గీత లోపలికి దిగితే జాకీని వెనక్కి ఇచ్చేయండి. బరువు పెట్టకుండానే చివరిదాకా లేపి, పిస్టన్ దానంతట అది ఆగుతుందో లేదో కూడా చూడండి. నూనె తగ్గితే జాకీ నూనే పోయాలి. బ్రేకు నూనె పోస్తే సీళ్లు ఉబ్బి పాడవుతాయి.

నల్లరేగడిలో, తడిసిన రోడ్డంచున ఏ జాకీ అయినా దిగబడుతుంది. అడుగున్నర చదరం, అంగుళం మందం తుమ్మ చెక్క పలక ఒకటి బండిలో పడేయండి. వాలులో చక్రం మార్చవద్దు. రిమ్ము పాడైనా సరే, చదును దాకా మెల్లగా నడపండి. చక్రం నట్లు నేల మీద ఉండగానే అర చుట్టు వదులు చేసి, ఎదురు మూల చక్రానికి ముందూ వెనకా అడ్డు పెట్టి, ఆ తరువాతే లేపాలి. ఆటోమేటిక్ బండి పార్కింగ్ గేరులో ఉందని ధీమా వద్దు, ఆ గేరు గొలుసులా చక్రాలను కట్టదు. వెనక చక్రం ఒకటి గాల్లోకి లేస్తే, డిఫరెన్షియల్ (రెండు వెనక చక్రాలకూ శక్తి పంచే గేర్ల అమరిక) దాన్ని వెనక్కి తిప్పి రెండోదాన్ని దొర్లనిస్తుంది. హ్యాండ్‌బ్రేక్ ప్రొపెల్లర్ షాఫ్టు (గేర్‌బాక్సు నుంచి వెనక యాక్సిల్‌కు శక్తి చేర్చే కడ్డీ) మీద పనిచేసే పాత ల్యాండ్ రోవర్లకూ ఇదే గండం. ఊడదీసిన చక్రాన్ని ఛాసిస్ కిందికి తోసి పెట్టండి. జాకీ జారినా బండి దాని మీద ఆగుతుంది. కిందికి మాత్రం ఎవరూ దూరకూడదు.

బండి అడుగున స్టెప్నీ వేలాడే ఫార్చ్యూనర్ లాంటి వాటిలో ఇంకో పని ఉంది. దాన్ని దించే గొలుసు బురదకూ నీటికీ బిగుసుకుపోతుంది. వానలకు ముందే ఒకసారి పూర్తిగా దించి, గ్రీజు రాసి, గాలి కొట్టించి మళ్లీ ఎక్కించండి. దించే రాడ్డు జాకీ సంచిలోనే ఉందో, ఇంట్లో ఏ మూలన పడి ఉందో కూడా అప్పుడే తేలుతుంది.