సెన్సారు కటకంపై పాచి

కొల్లేరులోకి నీళ్లు తీసుకెళ్లే ఒక డ్రెయినులో, వరి చేలకూ చేపల చెరువులకూ మధ్య, మేము పెట్టిన సెన్సారు చూపే బురదతనం రోజురోజుకూ పెరుగుతూ పోయింది. వానల్లేవు. నీళ్లు సీసాలో పట్టి చూస్తే తేటగానే ఉన్నాయి. ఎవరైనా చెరువు ఖాళీ చేస్తే అంకె ఒక్కసారిగా ఎగిరి మళ్లీ దిగుతుంది. ఇలా ఆగకుండా మెల్లగా పెరగడం, సెన్సారు నీటిలోకి కాంతిని పంపి బురదను కొలిచే కటకానికి పాచి పట్టిన లక్షణం.

తీసి చూస్తే అదే. తుడవక ముందూ తుడిచాకా ఒకే బకెట్టు నీటిలో రీడింగులు రాసుకున్నాను. పాత లెక్కలు సరిదిద్దడానికి ఆ తేడాయే ఆధారం. తర్వాత చుట్టూ రాగి జల్లెడ తొడిగాను, రాగి ఉంటే పాచి త్వరగా పట్టదు. విద్యుత్ వాహకత సెన్సారును మాత్రం దానికి దూరంగా ఉంచాలి, పక్కన లోహముంటే రీడింగు మారుతుంది. ఆ సెన్సారును, వాహకత సెంటీమీటరుకు 1413 మైక్రోసీమెన్స్ అని ముందే తెలిసిన ప్రామాణిక ద్రావణంలో సరిచూశాను.

కరిగిన ఆక్సిజన్ తెల్లవారుజామున పడిపోయి మధ్యాహ్నం పెరిగితే మాత్రం సెన్సారును అనుమానించకండి. నాచు పగలు ఆక్సిజన్ విడుదల చేస్తుంది, రాత్రి వాడుకుంటుంది. చేపలకు ప్రాణగండం ఆ వేకువలోనే. అందుకే బ్యాటరీ ఆదా కోసం రాత్రి కొలతలు తగ్గిద్దామంటే నేను ఒప్పుకోలేదు.