బార్న్ మీద ఆరు రేకుల నక్షత్రం వేయడం

అమెరికాలోని పెన్సిల్వేనియాలో బర్క్స్ కౌంటీ వైపు, జర్మన్ మూలాలున్న రైతుల పాత బార్న్‌ల (పంటకీ పశువులకీ కట్టే పెద్ద చెక్క కొట్టాలు) మీద కనిపించే నక్షత్రాలివి. పాతకాలపు పద్ధతుల్లో బతికే ఆమిష్ అనే క్రైస్తవ శాఖవాళ్లవనుకుంటారు చాలామంది, కాదు.

గోడచెక్క మీద మేకు కొట్టి, పురికొసకు పెన్సిల్ కట్టి వలయం గీయండి. ఇక పురికొస పొడవు మార్చొద్దు. ఇప్పుడు అంచు మీద ఎక్కడైనా మేకు పెట్టి, వలయం లోపల ఈ అంచు నుంచి ఆ అంచుకు వంపుగీత గీయండి. అది అంచును తాకినచోట మళ్లీ మేకు. ఆరు గీతలయ్యేసరికి రేకులు వాటంతటవే పడతాయి. మా అమ్మ చూసి “ముగ్గేగా!” అంది.

పాత బార్నయితే ముందు పక్కనుంచి ఎండ పడేటప్పుడు చూడండి. రంగు పోయినా, అది కాపాడిన చెక్క కాస్త ఉబ్బెత్తుగా మిగిలి పాత బొమ్మ తెలుస్తుంది. దాన్ని ఇసుక కాగితంతో రుద్దేయకండి, పాత రంగులో సీసం కూడా ఉండొచ్చు.