గర్భిణికి మాటిమాటికీ ఒంటికి వస్తుంటే ఏం చేయాలి? మంటగా ఉంటే ఏం చేయాలి?

ఒడిశాలోని మా పర్లాకిమిడిలో కడుపుతో ఉన్న పిల్ల "ఒంటికి వెళ్తే మంటగా ఉందమ్మా" అంటే పెద్దవాళ్ల నోట మొదట వచ్చే మాట ఒకటే: "వేడి చేసింది, మజ్జిగ తాగు." ఆ వెనకే సబ్జాలు, బార్లీ, కొబ్బరినీళ్లు. అవేవీ చెడ్డవి కావు. వాటితో తగ్గుతుందిలే అని నాలుగు రోజులు ఊరుకోవడమే చెడ్డది. మాటిమాటికీ రావడం వేరు, మంట వేరు.

ముందు ఏది మామూలో తెలుసుకోండి

నెల తప్పిన కొద్ది వారాలకే కిడ్నీలకు రక్తం ఎక్కువగా చేరుతుంది. అవి వడకట్టే పని దాదాపు సగం మేర పెరుగుతుంది. పైగా గర్భసంచి మూత్రాశయం మీద ఆనుతుంది. అందుకే మొదటి నెలల్లో గంటకోసారి బాత్రూమ్. నాలుగో నెల దాటాక చాలామందికి కాస్త తెరిపి. చివర్లో బిడ్డ తల కిందికి దిగాక మళ్లీ అదే తంతు. పగలంతా కాళ్లలో దిగిన నీరు పడుకోగానే పైకి చేరుతుంది కాబట్టి రాత్రి రెండు మూడుసార్లు లేవడమూ మామూలే. మరీ దాహంగా కూడా ఉంటే షుగర్ పరీక్ష చేయమని అడగండి.

నీళ్లు తగ్గించకండి, వేళ మార్చండి

మా చెల్లి ఏడో నెలలో బరంపురం బస్సెక్కాలని పొద్దున్నుంచి గుక్కెడు నీళ్లు ముట్టలేదు. దారిలో బాత్రూమ్ దొరకదని భయం. దిగేసరికి నాలుక పిడచకట్టుకుపోయింది, ఒంటికి ముదురు పసుపు రంగులో వచ్చింది. ఎక్కే ముందు ఒకసారి వెళ్లి, దారిలో కొద్దికొద్దిగా తాగి, బస్సు ఆగిన చోట మొహమాటపడకుండా దిగి ఉంటే సరిపోయేది. రోజుకు రెండు, రెండున్నర లీటర్లు తాగాలి. ఎక్కువ భాగం పగలే తాగేసి, పడుకునే ముందు రెండు గంటలు తగ్గించండి. రాత్రి టీ మానేయండి. మధ్యాహ్నం కాసేపు కాళ్లు దిండు మీద పెట్టుకోండి. ఒంటికి కూర్చున్నప్పుడు కొంచెం ముందుకు వంగితే మూత్రాశయం పూర్తిగా ఖాళీ అవుతుంది.

దగ్గినా తుమ్మినా చుక్కలు పడుతుంటే సిగ్గుపడాల్సిన పని లేదు. ఒంటికి ఆపుకున్నట్టు కింది కండరాలు బిగించి, ఐదు లెక్కపెట్టి వదలండి. పదిసార్లు, రోజుకు మూడు పూటలు. నిజంగా వెళ్తున్నప్పుడు మాత్రం మధ్యలో ఆపి చేయకండి. ఆగకుండా నీళ్లలా కారుతుంటే అది ఉమ్మనీరు కావచ్చు, వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.

మంట ఉంటే ఆ రోజే పరీక్షకు ఇవ్వండి

మంట, వెళ్లొచ్చినా ఇంకా ఉన్నట్టు అనిపించడం, పొత్తికడుపు నొప్పి, మడ్డిగా రావడం, రక్తం చార. వీటిలో ఏది కనబడినా ఇన్ఫెక్షన్ అనుమానమే. గర్భిణుల్లో మూత్రనాళాలు వదులవుతాయి, మూత్రం నిలవ ఉంటుంది, క్రిములు కిడ్నీకి ఎక్కడం తేలిక. కిడ్నీ దాకా వెళితే నెలలు నిండకుండానే కాన్పు వచ్చే ప్రమాదం ఉంది. కొందరికి మంటే ఉండదు, క్రిములు మాత్రం ఉంటాయి. అందుకే ఏ బాధా లేకపోయినా మొదటి నెలల్లో ఒకసారి యూరిన్ కల్చర్ (మూత్రంలో క్రిములున్నాయేమో పెంచి చూసే పరీక్ష) చేయించాలి. ప్రతి నెలా 9న ప్రభుత్వ ఆసుపత్రుల్లో గర్భిణులకు ఉచితంగా చూస్తారు, అప్పుడు అడగండి.

శాంపిల్ ఇవ్వడంలోనే చాలామంది తప్పు చేస్తారు. చేతులు కడుక్కుని, కింద మంచినీళ్లతో ముందు నుంచి వెనక్కి కడగాలి. మొదటి ధార వదిలేసి, మధ్యలో వచ్చేది సీసాలో పట్టాలి. సీసా లోపల, మూత లోపల వేలు తగలకూడదు. గంటలోపు ల్యాబ్‌లో ఇచ్చేయాలి. పొద్దున పట్టి కిటికీలో పెట్టి సాయంత్రం ఇస్తే రిపోర్టు నమ్మడానికి ఉండదు.

డాక్టర్‌కు ఒడియా తప్ప రాకపోతే "పరిస్రా పోడుఛి" అంటే చాలు, మంట సంగతి అర్థమవుతుంది. ఎన్నో నెలో కూడా చెప్పండి. నెలను బట్టి యాంటీబయాటిక్ మారుతుంది. అందుకే ఇంట్లో మిగిలిన మాత్ర వేసుకోకూడదు. మెడికల్ షాపు సిరప్ మంట తగ్గిస్తుంది కానీ క్రిమిని చంపదు.

చలిజ్వరం, నడుము పక్కన పోటు, వాంతులు, కడుపు గట్టిపడి వదులుతుండటం ఉంటే తెల్లారేదాకా ఆగొద్దు. 108కో 102కో ఫోన్ చేయండి.

మందు అయ్యాక

చాలామందికి రెండు మూడు రోజుల్లోనే మంట తగ్గిపోతుంది. అయినా కోర్సు పూర్తి చేయండి. ఆ తర్వాత వారం, రెండు వారాల్లో మళ్లీ కల్చర్ చేయించండి. రెండు రిపోర్టులూ, మందు చీటీ గర్భిణి కార్డుతో కలిపి ఒకే కవర్లో పెట్టుకోండి. పురిటికి మహేంద్రతనయ నది దాటి ఆంధ్రాలోని పాతపట్నం పుట్టింటికి వెళ్లేవాళ్లు బట్టలకన్నా ముందు ఆ కవర్ సర్దుకోవాలి. కార్డు మీది ఒడియా అక్కడ చదవలేకపోయినా రిపోర్టులు, మందుల పేర్లు ఇంగ్లీషులోనే ఉంటాయి.