విద్యుత్ ట్రక్కు కొనేముందు సొంత బండి డ్రైవరు వేసుకోవలసిన లెక్క

విజయవాడ, గుంటూరు మధ్య సొంత బండితో కిరాయిలు తోలుకునే డ్రైవరు విద్యుత్ ట్రక్కు కొనదలిస్తే, షోరూముకు వెళ్లేముందు నెల రోజులపాటు ప్రతి కిరాయికీ ఎన్ని కిలోమీటర్లు తిరిగిందీ, ఎంత బరువు వేసిందీ, ఎక్కడ ఎంతసేపు ఆగిందీ ఒక పుస్తకంలో రాసుకోవాలి. రెండు ఊళ్ల మధ్య దూరం సుమారు 35 కిలోమీటర్లే కనుక, ఆటోనగర్ నుంచి గుంటూరు వెళ్లి వచ్చి, ఊళ్లో ఒకటి రెండు చిన్న కిరాయిలు తోలినా 100 కిలోమీటర్లకు మించదు. పుస్తకంలో హైదరాబాదు, చెన్నై కిరాయిలు తరచుగా కనిపిస్తే ప్రస్తుతానికి డీజిలు బండినే ఉంచుకోవడం మేలు.

టన్ను బరువు మోసే చిన్న బండి రోజుకు 90 కిలోమీటర్లు తిరిగి, లీటరుకు 15 కిలోమీటర్లు ఇస్తుందనుకుంటే 6 లీటర్ల డీజిలు కావాలి. లీటరు 97 రూపాయల చొప్పున అది 582 రూపాయలు. అదే దూరానికి విద్యుత్ బండికి, ఛార్జింగులో పోయే నష్టంతో కలిపి, 20 యూనిట్లు పడతాయనుకుందాం. ఇంటి దగ్గర యూనిటు 8 రూపాయలైతే ఖర్చు 160, మిగులు 422. నెలకు 25 పనిదినాల మీద 10,550 రూపాయలు. రోడ్డు పక్క ఫాస్ట్ ఛార్జరు వద్ద యూనిటుకు 18 రూపాయలు ఇవ్వవలసి వస్తే ఆ మిగులు 5,550కి పడిపోతుంది. డీజిలు బండి వాయిదా కంటే విద్యుత్ బండి వాయిదా ఈ మిగులును మించి ఎక్కువగా ఉంటే ఆ బేరం వదులుకోవాలి. ఈ అంకెల స్థానంలో మీ పుస్తకంలోని అంకెలు వేసి చూడండి.

అందువల్ల బండి ఎంపిక కంటే రాత్రి దానిని నిలిపే చోటే ముఖ్యమని నా అభిప్రాయం. అద్దె ఇల్లయితే యజమాని ఒప్పుకోలు, వేరే మీటరు, సరైన ఎర్తింగు ముందే చూసుకోవాలి. మూడు కిలోవాట్ల ఛార్జరుతో 20 యూనిట్లు ఎక్కడానికి దాదాపు ఏడు గంటలు పడుతుంది. ఎండలో బరువుతో వచ్చిన బండిని వెంటనే ఛార్జింగుకు పెట్టకుండా, నీడలో కాసేపు చల్లారనివ్వాలి.

మిర్చి యార్డు మీద ఆధారపడినవారు మరో సంగతి గమనించాలి. యార్డుకు వేసవి సెలవులు ఇచ్చినా బండి వాయిదాకు సెలవు ఉండదు కాబట్టి, ఆ నెలకు సరిపడే మొత్తాన్ని సీజనులోనే పక్కన పెట్టుకోవాలి.

బ్యాటరీతో నడిచే రవాణా వాహనాలకు 2018 నుంచి పర్మిటు అక్కరలేదు. ఫిట్‌నెస్, బీమా మాత్రం తప్పవు. విద్యుత్ వాహనాలకు కేంద్ర ప్రభుత్వం పెట్టిన పీఎం ఈ-డ్రైవ్ పథకం కింద ట్రక్కులకు ఇచ్చే ప్రోత్సాహకం 3.5 టన్నుల స్థూల బరువు (బండి, సరుకు కలిపి) దాటినవాటికే, అదీ పాత ట్రక్కును తుక్కుకు ఇచ్చిన ధ్రువపత్రం ఉంటేనే వర్తిస్తుంది. చిన్న బండికి ఈ పథకం సబ్సిడీ వస్తుందని ఎవరైనా చెబితే, అది కాగితం మీద చూపమని అడగాలి.

చివరగా, కంపెనీ చెప్పే దూరాన్ని నమ్మి అడ్వాన్సు ఇవ్వవద్దు. టాటా ఏస్ ఈవీ 1000కు ధ్రువీకరించిన దూరం 161 కిలోమీటర్లు; నిండు బరువుతో, మండుటెండలో, ఊళ్లోని రద్దీలో అంత రాదు. ట్రయలు బండిలో టన్ను బరువు వేయించి, మధ్యాహ్నం పూట కనకదుర్గ వారధి మీదుగా గుంటూరు వెళ్లి వచ్చి, ఎన్ని కిలోమీటర్లకు ఎంత శాతం ఛార్జింగు తగ్గిందో మీ పుస్తకంలోనే రాసుకోండి.