బడి మూసిన రోజుల్లో ఇంటి చదువు

కరోనా కేసులు మళ్లీ పెరగడంతో 2021 మార్చి 24 నుంచి తెలంగాణలో బడులు మూతపడినప్పుడు, పాఠాలు దూరదర్శన్ యాదగిరి, టీశాట్ విద్య టీవీ ఛానళ్లలో వచ్చేవి. అలా కరోనా వల్ల బడి మూసిన రోజుల్లో పిల్లలను ఇంట్లో చదివించేవారు ముందుగా వారి తరగతి పాఠం టీవీలో వచ్చే వేళను తెలుసుకుని, మిగిలిన పనులను దానికి తగినట్లు అమర్చుకోవాలి.

పాఠం చూడటంతో పని పూర్తి కాదు. టీవీ ఆపిన వెంటనే విన్నదాన్ని సొంత మాటల్లో చెప్పమని అడిగి, ఎక్కడ తడబడితే అక్కడ పాఠ్యపుస్తకం తెరిచి ఆ పేరాను కలిసి చదవాలి. లెక్కలైతే ఒక్కటైనా సాయం లేకుండా చేయించాలి. ఒకటి, రెండు తరగతుల పిల్లలకు తెర కంటే చదివి వినిపించే కథలు, చింతగింజలతో చేసే కూడికలే మేలు. ఇంట్లో ఒకటే ఫోన్ ఉంటే పదో తరగతి వారికి ముందు ఇవ్వడం న్యాయం, చిన్నవారు అలిగినా సరే.

ఇరుగుపొరుగు పిల్లలందరినీ ఒకే గదిలో చేర్చి ట్యూషన్ పెట్టించవద్దు. సందేహాలుంటే ఉపాధ్యాయులను ఫోన్‌లోనే అడగాలి.