వెల్డింగ్ రిపేర్ షాపులో ‘ముందు పని’కి డబ్బులు ఎలా తీసుకోవాలి?

ట్రాలీ డ్రాబార్ పగిలిందని రైతు షాపుకు తెస్తాడు. ‘రెండు రాడ్లు కాల్చు తమ్ముడూ, అర్జెంటు’ అంటాడు. చూస్తే పైన వేలు మందాన ఎండిన బురద, దాని కింద గ్రీజు, గ్రీజు కింద పెయింటు, పెయింటు కింద తుప్పు. అన్నిటికీ అడుగున ఇంతకుముందు ఎవరో పెట్టిన ముద్ద వెల్డింగ్. ఇవన్నీ తీసి మంచి ఇనుము కనబడేసరికి గంట పడుతుంది. వెల్డింగ్ పావుగంటలో అయిపోతుంది. డబ్బులు మాత్రం ఆ పావుగంటకే వస్తాయి.

రిపేర్ షాపులు రోజంతా కష్టపడినా నెలాఖరుకు చేతిలో ఏమీ మిగలకపోవడానికి అసలు కారణం ఇదే. కొత్త గేటు, గ్రిల్లు పనికి కేజీ లెక్కో, చదరపు అడుగు లెక్కో సరిపోతుంది, ఎందుకంటే అక్కడ ఇనుము కొత్తది. రిపేరుకు మాత్రం ‘రాడ్డుకు ఇంత’ అనే లెక్క పనికిరాదు. రాడ్డు పట్టుకునే ముందు చేసే పనే రిపేరులో పెద్ద భాగం. దానికి రేటు కట్టడం ఎలాగో చూద్దాం.

1. ముందు మీ గంట ఖరీదు తేల్చుకోండి

పక్క షాపు వాళ్లు ఎంత తీసుకుంటున్నారో చూసి రేటు పెట్టకండి. ఒక కాగితం తీసుకుని మీ సొంత ఖర్చులు రాయండి. ఉదాహరణకు నెలకు షాపు అద్దె 6,000, హెల్పర్‌కు రోజుకు 600 చొప్పున 26 రోజులకు 15,600, కరెంటు 3,500, కేబుళ్లు, హోల్డర్లు, గ్రైండర్ కార్బన్లు, మిషన్ అరుగుదల అన్నీ కలిపి 2,900. ఇక మీ కూలి. చాలామంది దీన్ని రాయరు. మిగిలిందే నా జీతం అనుకుంటారు. అలా అనుకోవద్దు. రోజుకు 1,000 చొప్పున 26,000 వేయండి. మొత్తం 54,000.

ఈ మొత్తాన్ని నెలలో షాపు తెరిచి ఉంచిన గంటలతో భాగించకూడదు, డబ్బులొచ్చే పని జరిగిన గంటలతో భాగించాలి. కరెంటు పోవడం, హార్డ్‌వేర్ షాపుకు వెళ్లిరావడం, వచ్చినవాళ్లతో మాటలు, బేరాలు పోను రోజుకు అయిదు గంటలు నికరంగా పని జరిగితే మంచి షాపు కిందే లెక్క. నెలకు 130 గంటలు. 54,000ను 130తో భాగిస్తే గంటకు 415 వస్తుంది. రాని బాకీలు, మళ్లీ చేయాల్సిన పనులు కూడా ఉంటాయి కాబట్టి 450 పెట్టుకోండి. ఈ అంకెలు పద్ధతి తెలియడానికే. మీ ఊరి అద్దెలు, కూలీలు వేసుకుని మీ లెక్క మీరు కట్టుకోండి.

2. చెయ్యి వేసే ముందు చూడండి, చూశాకే రేటు చెప్పండి

ఫోన్లో రేటు చెప్పకండి. వాట్సాప్‌లో ఫొటో పంపినా ‘చూసి చెబుతా’ అనే అనండి. బురద కింద ఏముందో ఫొటోలో కనబడదు.

వస్తువు దిగగానే మూడు విషయాలు అడగండి. ఎప్పుడు పగిలింది? ఇంతకుముందు వెల్డింగ్ అయిందా? విప్పడానికి వీలవుతుందా, అలాగే చేయాలా? పాత వెల్డింగ్ మీద మళ్లీ పగిలిందంటే లోపల పగులు ఇంకా అలాగే ఉందన్నమాట. ఆ ముద్దంతా గ్రైండింగ్ చేసి తీయాలి. అది కొత్త పగులు కంటే రెట్టింపు పని.

తర్వాత ఇనుము ఏదో తేల్చుకోండి. గ్రైండర్ కాస్త ఆనించి నిప్పురవ్వలు చూడండి. మామూలు ఇనుమైతే రవ్వలు పొడుగ్గా, పసుపుగా ఎగురుతాయి. పోత ఇనుమైతే ఎర్రగా, పొట్టిగా వచ్చి దగ్గర్లోనే ఆరిపోతాయి. ఈ ఒక్క పరీక్షతో రేటు రెండు మూడు రెట్లు మారిపోవచ్చు. పగులు ఎక్కడిదాకా వెళ్లిందో అనుమానంగా ఉంటే డై టెస్ట్ స్ప్రేలు దొరుకుతాయి. క్లీనర్‌తో తుడిచి, ఎర్ర రంగు కొట్టి, కాసేపాగి తుడిచేసి తెల్ల డెవలపర్ కొడితే పగులు ఎర్ర గీతలా పైకి కనబడుతుంది. ఇలాంటి పరీక్ష చేయాల్సి వస్తే దానికి వేరుగా డబ్బు తీసుకోండి. పని మీకే ఇస్తే బిల్లులో తగ్గిస్తానని చెప్పండి.

3. ముందు పనిని ముక్కలుగా విడగొట్టి రాయండి

ఇంటికి రంగులేసే మేస్త్రీ లప్పానికి, ప్రైమర్‌కు వేరే రేటు చెబితే ఎవరూ గొడవపడరు. గోడ గీకడం, లప్పం పెట్టడం కళ్ల ముందు కనబడుతుంది, పేరు పెట్టి చెబుతారు కాబట్టి ఒప్పుకుంటారు. మన పనికీ పేర్లు పెట్టాలి. ‘లేబర్’ అని ఒక్క మాట రాస్తే బేరం మొదలవుతుంది. కడగడం, విప్పడం, పెయింటు-తుప్పు తీయడం, పాత వెల్డింగ్ తీయడం, పగులు తెరవడం, వేడి చేయడం, మళ్లీ బిగించడం అని విడివిడిగా రాస్తే అవతలివాళ్లకు పని కనబడుతుంది.

ఇవి ఎందుకు అవసరమో మీకు బాగా తెలిసి ఉండాలి, అప్పుడే నమ్మకంగా చెప్పగలరు. పెయింటు, నూనె, తడి మీద వెల్డింగ్ పెడితే అవి కాలి గ్యాసవుతాయి. ఆ గ్యాసు కరిగిన ఇనుములో చిక్కుకుని సూది రంధ్రాలు మిగులుస్తుంది. తడి నుంచి వచ్చే హైడ్రోజన్ గట్టి ఉక్కులో తర్వాతెప్పుడో పగుళ్లు తెస్తుంది. తక్కువ హైడ్రోజన్ రకమైన 7018 రాడ్లను పొడిగా దాచమనేది అందుకే. పగులును అడుగుదాకా ‘వి’ ఆకారంలో తెరవకుండా పైపైన పూస్తే అడుగున పగులు అలాగే ఉండి, బరువు పడగానే మళ్లీ విచ్చుకుంటుంది. ఆరు ఎంఎం దాటిన ప్లేటుకు ‘వి’ తప్పనిసరి, రెండు వైపులా కలిపి సుమారు 60 డిగ్రీలు. పగులు కొసల్లో మూడు ఎంఎం బిట్టుతో చిన్న బెజ్జం వేస్తే అది ముందుకు పాకదు.

ఒక పని లెక్క చూద్దాం. రోటవేటర్ ఫ్రేము పైలింకు బ్రాకెట్టు దగ్గర పగిలింది. మట్టి కడిగి ఆరబెట్టడం 20 నిమిషాలు, బోల్టులు విప్పడం 25, పెయింటు తీసి పగులు తెరవడం 40, వెల్డింగ్ 20, మళ్లీ బిగించడం 25. మొత్తం 130 నిమిషాలు. గంటకు 450 చొప్పున 975. ఎనిమిది రాడ్లకు 120, గ్రైండింగ్ వీల్ అరుగుదలకు 60. అంతా కలిపి 1,155, అయిదు వదిలేసి 1,150 అనుకోండి. ఇదే పనికి రాడ్డుకు 40 చొప్పున తీసుకుంటే వచ్చేది 320. అందులో రాడ్లు, వీల్ ఖర్చు 180 పోతే 140 రూపాయలు మిగులుతాయి. ఇద్దరు మనుషులు రెండు గంటలకు పైగా కష్టపడితే వచ్చింది అది! హెల్పర్ కూలి కూడా గిట్టదు.

4. మాట్లాడే పద్ధతి

రేటు పని అయ్యాక చెబితే గొడవ, ముందే చెబితే మాట. వస్తువు దగ్గరికి మనిషిని తీసుకెళ్లి, వైర్ బ్రష్‌తో ఒక చోట గీకి చూపించండి. ‘ఇదిగో అన్నా, ఇది పాత వెల్డింగ్. దీని కింద పగులుంది, ఇదంతా తీయాలి’ అని చేత్తో చూపిస్తే సగం వాదన అక్కడే అయిపోతుంది.

‘రెండు రాడ్లకు ఇంతా?’ అన్నప్పుడు కోపం తెచ్చుకోకండి. ‘రాడ్లకు తీసుకునేది 120 రూపాయలే అన్నా. మిగతాది విప్పడానికి, గ్రైండింగ్‌కు. కావాలంటే ఇంటి దగ్గర కడిగి, బోల్టులు విప్పి తీసుకురండి, 820కే చేస్తా’ అనండి. పై లెక్కలో ఆ రెండు పనుల 45 నిమిషాలు తీసేస్తే వచ్చే మొత్తమే అది. రైతుకు తీరిక ఉంటే కడిగి తెస్తాడు, మీకు ఆ టైమ్‌లో ఇంకో పని జరుగుతుంది. తీరిక లేకపోతే మీ రేటు న్యాయంగానే అనిపిస్తుంది. తగ్గించాల్సి వస్తే పనిని తగ్గించండి, ఊరికే రేటు తగ్గించకండి. ఒకసారి ఊరికే తగ్గిస్తే మొదట చెప్పింది ఎక్కువ రేటని మీరే ఒప్పుకున్నట్టు అవుతుంది.

తొలకరిలో దమ్ము చేసే రోజుల్లో కేజ్ వీల్స్, కోతల్లో హార్వెస్టర్ పనులు రాత్రీ పగలూ వస్తాయి. మిషన్ ఆగితే రైతుకు ఎంత నష్టమో మనకు తెలుసు. అర్జెంటు పనికి కొంత ఎక్కువ తీసుకోవడం న్యాయమే, కానీ ఆ ఎక్కువ ఎంతో ముందే బోర్డు మీద రాసిపెట్టండి. మనిషి టెన్షన్ చూసి అప్పటికప్పుడు రేటు పెంచితే మరుసటి ఏడాది ఆ ఊరి నుంచి పని రాదు. పొలం దగ్గరికి పిలిస్తే రానుపోను ఖర్చు, జనరేటర్ డీజిల్ వేరు.

5. ఎంత బతిమాలినా వదలకూడని ముందు పని

డబ్బు సంగతి పక్కన పెడితే, కొంత ముందు పని ప్రాణాలకు సంబంధించింది. అది వద్దంటే పనే వదిలేయండి.

డీజిల్, పెట్రోల్ ట్యాంకులు, నూనె డ్రమ్ములు అన్నిటికంటే ముఖ్యం. ‘ఖాళీదేగా’ అంటారు. లోపల ఆవిరి మిగిలి ఉన్న ఖాళీ ట్యాంకే పేలేది. నీళ్లతో ఒకసారి తొలిపినంత మాత్రాన ఆ ఆవిరి పోదు. అలాంటి ట్యాంకు మీద గ్రైండర్ కూడా ఆనించకండి. పద్ధతిగా శుభ్రం చేసే సదుపాయం మీకు లేకపోతే రేటు చెప్పొద్దు, చేయనని చెప్పండి.

జీఐ పైపులు, జీఐ షీట్ల మీది జింకు పూత కాలితే వచ్చే తెల్ల పొగ పీలిస్తే సాయంత్రానికి చలిజ్వరం పట్టుకుంటుంది. అతుకు దగ్గర పూత గ్రైండింగ్ చేసి తీసి, గాలి ఆడే చోట పని చేయాలి. ఆ గ్రైండింగ్ టైమ్ బిల్లులో ఉండాలి. క్లోరిన్ ఉన్న క్లీనర్ స్ప్రేలతో తుడిచిన వస్తువు మీద ఆర్క్ కొట్టకండి, విషవాయువు పుడుతుంది.

ట్రాక్టర్ మీద వెల్డింగ్ చేయాలంటే ముందు బ్యాటరీ కనెక్షన్ తీయాలి. ఎర్త్ క్లాంపు వెల్డింగ్ పెట్టే చోటికి దగ్గరగా పెట్టాలి. బేరింగ్‌కు అవతల పెడితే కరెంటు బేరింగ్ గుండా పోయి అది పాడవుతుంది. హార్వెస్టర్‌లో ఇరుక్కున్న గడ్డి, పొట్టు దులపకుండా హోల్డర్ పట్టుకోకండి. ఇవన్నీ కలిపి పది, పదిహేను నిమిషాలు. ‘సేఫ్టీ’ అని ఒక లైన్ రాసి ఆ నిమిషాలకూ వేయండి.

6. పోత ఇనుముకు వేరే రేటు

పంపు బాడీలు, గేర్‌బాక్సు కవర్లు లాంటివి వస్తే మామూలు లెక్క వేయకండి. కొసల్లో బెజ్జాలు, ‘వి’ తెరవడం, లోపలికి ఇంకిన నూనెను వేడి చేసి బయటికి రప్పించడం, నికెల్ రాడ్డు, అంగుళం అంగుళం పెట్టి ప్రతిసారీ సుత్తితో మెల్లగా తట్టడం, చివర బూడిదలోనో పొడి ఇసుకలోనో కప్పి మెల్లగా చల్లారనివ్వడం. పూట గడిచిపోతుంది. నికెల్ రాడ్లు మామూలు వాటికన్నా చాలా ఖరీదు, వాటికి అడ్వాన్సు తీసుకోండి. ఇంకో మాట కూడా చెప్పాలి. కొన్ని పోత ఇనుము వస్తువులు నిలబడవు. కొత్తది తక్కువకే వస్తుందనిపిస్తే కొనుక్కోమని చెప్పండి. అలా పోయిన పని కన్నా ఆ మాటతో వచ్చే నమ్మకం ఎక్కువ.

7. కాగితం

రెండు కాపీల బిల్లు పుస్తకం చాలు. తేదీ, వస్తువు, ముందు పని లైన్లు, వెల్డింగ్, సామాను, అడ్వాన్సు, మిగతా బాకీ. పని ముందు ఒక ఫొటో, గ్రైండింగ్ అయ్యాక ఒక ఫొటో, పూర్తయ్యాక ఒకటి తీసి వాట్సాప్ చేయండి. రెండో ఫొటోకే విలువెక్కువ, ఎందుకంటే పెయింటు కొట్టాక మీ కష్టం ఇంకెవరికీ కనబడదు. చిన్న వ్యాపారాలకు ఉండే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ప్రభుత్వ పోర్టల్లో ఉచితం, దానికి ఎవరికీ డబ్బు ఇవ్వక్కర్లేదు. రిపేరు సర్వీసు కాబట్టి ఏడాదికి రాబడి 20 లక్షలు దాటితే జీఎస్టీ సంగతి అకౌంటెంట్‌తో మాట్లాడండి.

ముందు పని వద్దు, ఉన్నదాని మీదే పెట్టమని పట్టుబట్టేవాళ్లు కొందరుంటారు. బరువు మోయని, మనిషికి ప్రమాదం లేని వస్తువైతే చేయండి, కానీ బిల్లు మీద ‘శుభ్రం చేయకుండా పెట్టిన వెల్డింగ్, గ్యారంటీ లేదు’ అని రాసి సంతకం తీసుకోండి. డ్రాబార్, హిచ్, జాకీ స్టాండు లాంటివైతే సంతకం పెట్టినా చేయకండి. ముందు పని అంతా మీరే చేసినదానికి మాత్రం మీ అతుకు దగ్గరే మళ్లీ పగిలితే ఉచితంగా చేసిస్తానని రాసివ్వండి.

చివరగా ఒక నోటుబుక్కు పెట్టుకోండి. ప్రతి పనికీ మీరు అనుకున్న టైమ్, నిజంగా పట్టిన టైమ్ పక్కపక్కన రాయండి. మొదట్లో గ్రైండింగ్‌కు అరగంట అనుకున్నది గంట దాటుతుంటుంది. నెల తిరిగేసరికి ఏ పనికి ఎంత పడుతుందో మీ అంకెలే చెబుతాయి, తర్వాతి నెల రేట్లు ఆ పుస్తకం చూసి మార్చండి.