మీరు ఊరెళ్లేముందు పిల్లల్ని చూసుకునే మనిషిని సిద్ధం చేయడం ఎలా?

చెన్నైలో ఇంట్లోవాళ్లకు ఆపరేషన్, బెంగళూరులో ఆఫీసు ట్రైనింగ్, ఇలా పిల్లల్ని వెంట తీసుకెళ్లలేని ప్రయాణం ఎవరికైనా వస్తుంది. ఊళ్లో అవ్వ ఉంటే సరే, లేకపోతే పగలు ఇంటికొచ్చే అక్కనే రెండు మూడు రోజులు రాత్రిళ్లు కూడా ఉండమని అడుగుతాం. అడిగి, బయల్దేరే రోజు పొద్దున చెప్పులేసుకుంటూ గబగబా అన్నీ చెప్పేసి బస్సెక్కేస్తాం. అలా చెప్పినవాటిలో సగం కూడా ఆమెకు గుర్తుండవు. అందుకే చెప్పడం మీద ఆధారపడకండి, మీరు ఇంట్లో ఉండగానే అన్నీ ఆమెతో చేయించండి.

పదిహేను రోజుల ముందు

పెద్దవాళ్లనే పెట్టుకోండి. పద్నాలుగేళ్లలోపు పిల్లల్ని పనిలో పెట్టుకోవడం చట్టరీత్యా నేరం. పదహారేళ్ల పిల్ల దొరికినా వద్దు, అర్ధరాత్రి బాబుకు జ్వరం వస్తే తనే భయపడిపోతుంది. ఆధార్ కాపీ, ఇంటి చిరునామా, వాళ్లింట్లో ఇంకొకరి ఫోన్ నంబరు తీసుకోండి. డబ్బు సంగతి ముందే తేల్చుకోండి. రాత్రి ఉండటం వేరే పని, దానికి వేరే డబ్బు ఇవ్వాలి. ఆమెకూ పిల్లలుంటే ఆ రాత్రులు వాళ్లను ఎవరు చూస్తారో అడగండి. ఈ మాట చాలామంది అడగరు, కానీ తన పిల్లల మీద మనసు పెట్టుకున్న మనిషి మీ పిల్లల్ని ఎలా చూస్తుంది?

వారం ముందు: ఒక పూట, ఒక రాత్రి

ముందు ఒక పూట మీరు పక్క గదిలో కూర్చుని అంతా ఆమెకు వదిలేయండి. బాబు రెండు ముద్దలు తిని, ఇక వద్దని మీ దగ్గరికి పరిగెత్తుకొస్తాడు. ఎత్తుకోకండి, "అక్కనడుగు నాన్నా" అని వెనక్కి పంపండి. ఆమె బతిమాలుతుందో, కథ చెప్తుందో, కంచం పక్కన పెట్టి కాసేపాగి మళ్లీ పెడుతుందో చూడండి. మీ పద్ధతి కాకపోయినా పిల్లాడు తింటే చాలు, నోరు మెదపకండి. ఆ తర్వాత ఒక రాత్రి ఆమెను పిల్లల దగ్గర పడుకోబెట్టండి. లైటు ఉండాలా, దుప్పటి కావాలా, ఏడిస్తే నీళ్లివ్వాలా భుజం తట్టాలా, అన్నీ ఆ ఒక్క రాత్రిలో తేలిపోతాయి.

ఇంట్లో వస్తువులు కూడా ఆమె చేతే వాడించి చూడండి. గ్యాస్ రెగ్యులేటర్ ఆఫ్ చేయించండి. గ్యాస్ వాసనొస్తే స్విచ్చులు ముట్టుకోకుండా కిటికీలు తీసి పిల్లల్తో బయటికొచ్చి, గ్యాస్ లీకుల నంబరు 1906కు ఫోన్ చేయాలని చెప్పండి. బాత్రూంలో నీళ్లు నింపిన బకెట్ వదలకూడదు, చిన్నపిల్లలకు ఆ కాసిని నీళ్లే ప్రమాదం. పిల్లలకు అందే లోపలి గడియ ఉంటే ఊడదీసేయండి.

స్కూలుకు ఒకసారి ఆమెను తీసుకెళ్లి టీచరుకు పరిచయం చేయండి, చాలా స్కూళ్లు కొత్త మనిషితో పిల్లల్ని పంపవు. నవంబరు, డిసెంబరు వానల్లో ఊరెళ్తుంటే, ఉన్నట్టుండి సెలవు ప్రకటిస్తే రోజంతా ఎవరుంటారో కూడా అనుకోవాలి. తిరుపతిలో బ్రహ్మోత్సవాల రోజుల్లో అయితే ఆటో ఏ దారిన వస్తుందో ముందే కనుక్కోండి.

మందుల దగ్గర తొందరపడొద్దు

అన్నిటికంటే ఎక్కువ సమయం దీనికే ఇవ్వండి. పారాసిటమాల్ సిరప్‌లో 5 ఎం.ఎల్.కు 120 ఎం.జి. ఉన్నదీ దొరుకుతుంది, 250 ఎం.జి. ఉన్నదీ దొరుకుతుంది, పేరు మాత్రం దాదాపు ఒకటే. మామూలుగా కిలో బరువుకు ఒకసారికి 15 ఎం.జి. లెక్క. అంటే 12 కిలోల బిడ్డకు 180 ఎం.జి.: మొదటి సీసాలోదైతే 7.5 ఎం.ఎల్., రెండో సీసాలోదైతే 3.6 ఎం.ఎల్. సీసా మారితే మోతాదు రెట్టింపవుతుంది! కాబట్టి ఇంట్లో ఒక్క సీసానే ఉంచండి, మీ పిల్లల డాక్టరు చెప్పిన కొలతను ప్లాస్టర్ మీద రాసి సీసాకు అంటించండి, వంటింటి చెంచాతో కాకుండా కొలత కప్పుతో ఆమె చేతే నీళ్లు పోయించి చూడండి. డోసుకూ డోసుకూ మధ్య కనీసం నాలుగు నుంచి ఆరు గంటలు, రోజుకు నాలుగుసార్లు మించకూడదు. ఇచ్చిన టైము రాసిపెట్టమనండి.

విరేచనాలప్పుడు ఇచ్చే ఓఆర్ఎస్ పెద్ద ప్యాకెట్టు లీటరు నీళ్లకు, చిన్నది 200 ఎం.ఎల్.కు. కొంచెం కొంచెంగా కలపకూడదు, మొత్తం ఒకేసారి. కలిపింది 24 గంటల తర్వాత పారబోయాలి.

ఇంకొకటి, మన వైపు పిల్లల చేతిలో గుప్పెడు వేయించిన చెనక్కాయలు పెట్టడం అలవాటు. ఐదేళ్లలోపు వాళ్లకు గింజలు గింజలుగా పెట్టొద్దని గట్టిగా చెప్పండి, గొంతుకు అడ్డం పడతాయి. ఊరిబిండి, అంటే నూరిన చెనక్కాయల పచ్చడి అయితే పరవాలేదు.

తలుపు వెనక ఒక కాగితం

పెద్ద అక్షరాల్లో రాయండి: అంబులెన్సుకు 108, ఏ ఆపదకైనా 112, మీ ఇద్దరి నంబర్లు, పక్కింటివాళ్లది, డాక్టరుది. పిల్లల బరువు, పడని మందులు. రాత్రిపూట ఎక్కడికెళ్లాలో ఒకే పేరు రాయండి, తిరుపతిలో అయితే అలిపిరి రోడ్డులో రుయా ప్రభుత్వ ఆసుపత్రి ఎప్పుడూ తెరిచే ఉంటుంది. మీ ఇంటి అడ్రస్ ఆమె చేత పైకి చదివించండి. రోజూ వచ్చే ఇల్లే అయినా, కంగారులో "కొర్లగుంటలో" అన్న తర్వాత ఏ వీధో, ఏ గుడి పక్కనో నోటికి రాదు.

అడుగున ఇది రాసి సంతకం పెట్టండి: "పిల్లలకు అత్యవసరమైతే వైద్యం చేయించడానికి ఈమెకు మా అంగీకారం ఉంది." నోటితో కూడా చెప్పండి: "ఫిట్స్ వచ్చినా, ఊపిరి ఎగబోసినా, పిల్ల మగతగా ఉండి తాగకపోయినా మాకు ఫోన్ కలిసేదాకా ఆగొద్దమ్మా, ముందు ఆసుపత్రికి పో." ఎక్కువమంది మిమ్మల్ని అడక్కుండా వెళ్తే తిడతారేమోనని ఆగిపోతారు. ఆ భయం తీయాల్సింది మీరే. ఆటోకు, మందులకు కొంత డబ్బు నోట్లుగా ఇచ్చి వెళ్లండి.

బయల్దేరేటప్పుడు, వెళ్లాక

నిద్రపోతున్నప్పుడు దొంగచాటుగా వెళ్లకండి. ఎన్ని రాత్రుల తర్వాత వస్తారో క్యాలెండర్లో పిల్లల చేతే గీత గీయించండి. రోజూ ఒకే టైముకు ఫోన్ చేయండి, నిద్రపోయే ముందు మాత్రం వద్దు, ఏడుపు మొదలవుతుంది. ముందు ఆమెతో మాట్లాడి, ఆమె తిన్నదో లేదో అడిగి, తర్వాతే పిల్లలకు ఇవ్వమనండి.

తిరిగొచ్చిన రోజే డబ్బు ఇచ్చేయండి. ఏది ఇబ్బందయిందో అడిగి, ఆమె చెప్పింది ఆ కాగితంలోనే చేర్చుకోండి.